కన్విన్స్ అయ్యారు సరే, ఒప్పుకున్నారా?

“మావాణ్ని మొత్తానికి కన్విన్స్ చేశాం” అని ఒక తండ్రి అన్నాడనుకోండి. ఇంట్లో ఏం జరిగినట్టు? కొడుకు తన అభిప్రాయం మార్చుకుని ఉండొచ్చు. అభిప్రాయం అలాగే ఉన్నా, తల్లి కళ్ళనీళ్ళు చూడలేక సరేనని ఉండొచ్చు. అలిగి ముసుగుతన్ని పడుకుంటే బుజ్జగించి అన్నానికి లేపి ఉండొచ్చు. బండి కొనిపెడతామని ఆశ చూపి ఉండొచ్చు. ఇవేవీ కాక, అందరూ చెవినిల్లు కట్టుకుని పోరితే వాడు విసిగి ఊరుకుని ఉండొచ్చు. ఆ ఊరుకోవడాన్నే పెద్దవాళ్ళు అంగీకారం కింద జమ కట్టి ఉండొచ్చు. ఇవి ఐదు వేరు వేరు సంగతులు. ఐదింటికీ తెలుగులో వేరు వేరు క్రియలున్నాయి. ఇంగ్లీషులోనూ ఉన్నాయి. మన నోట మాత్రం ఒక్కటే మాట.

ఇంగ్లీషు మాటలు తెలుగులోకి రాకూడదనే వాదన నాది కాదు. బస్సు, రోడ్డు, టికెట్టు మనవైపోయి తరాలు గడిచాయి. కన్విన్స్ కూడా అలాగే వచ్చిన చుట్టం, దానికి మన ఇంట్లో చేయవలసిన పని ఒకటి నిజంగానే ఉంది. గొడవ ఎక్కడంటే, ఆ పని వదిలేసి మిగిలిన అందరి పనులూ అది చేస్తోంది. దానివల్ల తెలుగులో ఏం జరిగిందో తెలియకుండా పోతోంది, ఇంగ్లీషు రాసేటప్పుడు తప్పులు దొర్లుతున్నాయి. రెంటికీ మూలం ఒక్కటే.

ముందు ఆ మాట పుట్టుక చూద్దాం. కన్విన్స్‌కి తల్లి లాటిన్ క్రియ ‘విన్కెరె’: గెలవడం, జయించడం. విక్టరీ, విక్టర్, ఇన్విన్సిబుల్ అన్నీ ఆ కుటుంబమే. దానికి ముందు ‘కాన్’ చేరితే పూర్తిగా ఓడించడం, వాదంలో నోరెత్తకుండా చేయడం, నేరం రుజువు చేయడం. 16వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు ఈ అర్థాలన్నీ మూటగట్టుకునే వచ్చింది. షేక్‌స్పియర్ ‘మాక్బెత్’లో రాజు పడగ్గది కాపలావాళ్ళిద్దర్నీ మద్యంతో ‘కన్విన్స్’ చేస్తానంటుంది లేడీ మాక్బెత్. వాళ్ళతో వాదిస్తానని కాదు, ఒళ్ళు తెలియకుండా పడగొడతానని. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో యోహాను సువార్త 8వ అధ్యాయంలో ఏసు అడిగే ప్రశ్నలోనూ ఇదే క్రియ ఉంది. అక్కడ దాని అర్థం నేరం రుజువు చేయడం. అదే వాక్యం తెలుగు బైబిల్లో “నాయందు పాపమున్నదని మీలో ఎవడు స్థాపించును?” అని ఉంటుంది. స్థాపించడం! ఆ చోటికి అంతకన్నా సరైన మాట దొరకదు.

కన్విక్ట్ అంటే శిక్ష పడ్డ ఖైదీ, కన్విక్షన్ అంటే నేరనిర్ధారణ, అదే కన్విక్షన్ అంటే దృఢమైన నమ్మకం. ఒకే మాటకు ఇంత దూరపు అర్థాలేమిటని తికమకపడే విద్యార్థికి ఈ పుట్టుక చెబితే చాలు. సాక్ష్యం ముందు నేరస్థుడు ఓడిపోతాడు, రుజువు ముందు సందేహం ఓడిపోతుంది. క్రికెట్ వ్యాఖ్యాతలు భారీ తేడాతో గెలిచిన జట్టు గురించి ‘కన్విన్సింగ్ విక్టరీ’ అన్నప్పుడు ఒకే ధాతువును రెండుసార్లు పలుకుతున్నట్టు లెక్క.

ఇంగ్లీషులో కన్విన్స్ పక్కనే తిరిగే ఇంకో మాట పర్స్వేడ్, మనిషిని ఒక పనికి ఒప్పించడం. దాని పుట్టుక దీనికి పూర్తిగా ఎదురు. లాటిన్ ‘స్వాదేరె’ అంటే సలహా ఇవ్వడం, ఫలానాది చేస్తే బాగుంటుందని చెప్పడం. దానికి దగ్గరి చుట్టం ‘స్వావిస్’: తీయనిది. సంస్కృతంలో స్వాదు, ఇంగ్లీషులో స్వీట్ ఆ వంశంవే. మనం పాటని, కాఫీని ‘ఆస్వాదిస్తాం’ కదా, ఆ ఆస్వాదించడమూ పర్స్వేడ్ చేయడమూ దూరపు దాయాదులు. అంటే కన్విన్స్ చేసేవాడు గెలుస్తాడు, పర్స్వేడ్ చేసేవాడు తీపి చేస్తాడు. మన ఆలంకారికులు ఉపదేశాన్ని మూడు రకాలు చేశారు: ప్రభువులా శాసించేది వేదం, మిత్రుడిలా విప్పి చెప్పేది పురాణం, కాంతలా మనసు కరిగించి తన దారికి తెచ్చుకునేది కావ్యం. కాశ్మీరంలో మమ్మటుడు చెప్పిన ఈ కాంతాసమ్మితాన్ని ఓరుగల్లులో ప్రతాపరుద్రుడి ఆస్థానంలో కూర్చుని విద్యానాథుడూ చెప్పాడు. పర్స్వేడ్‌కి మన సంప్రదాయంలో చోటు వెతకాలంటే అక్కడే, మూడో గదిలో.

పుట్టుక కథలు బాగానే ఉంటాయి గానీ వాడకానికి అవి సరిపోవు. వాడకంలో తేడా ఇది: కన్విన్స్ బుద్ధిలో ముగుస్తుంది, పర్స్వేడ్ పనిలో ముగుస్తుంది. ఒకటి ‘ఫలానాది నిజం’ అనే దగ్గర ఆగుతుంది. రెండోది ‘సరే, చేస్తాను’ అనే దాకా వెళుతుంది. సిగరెట్ ప్రాణం తీస్తుందని పొగ తాగేవాళ్ళలో చాలామందికి తెలుసు, నమ్ముతారు కూడా. వాళ్ళు కన్విన్స్ అయినవాళ్ళు. మానేయడానికి పర్స్వేడ్ కానివాళ్ళు. ఎదురు ఉదాహరణా మన ఇళ్ళలోనే ఉంది. దిష్టి మీద ఇసుమంత నమ్మకం లేని మనిషి అమ్మ మాట కాదనలేక కూర్చుని దిష్టి తీయించుకుంటాడు. పర్స్వేడ్ అయ్యాడు, కన్విన్స్ కాలేదు.

ఈ రెండూ ఒకే శ్లోకంలో, వరుస తప్పకుండా దొరికే చోటు ఒకటుంది. గీత 18వ అధ్యాయం, 73వ శ్లోకం. అంతా విన్నాక అర్జునుడు “స్థితోఽస్మి గతసందేహః, కరిష్యే వచనం తవ” అంటాడు. సందేహం పోయింది: అది కన్విన్స్. నువ్వు చెప్పినట్టు చేస్తాను: అది పర్స్వేడ్. మొదటిది జరిగితే రెండోది దానంతటదే జరిగిపోతుందని అనుకోలేదు కాబట్టే అర్జునుడు రెండూ విడివిడిగా చెప్పాడు. ఇంగ్లీషు పాఠంలో ఈ రెండు క్రియల తేడా నేర్పాలంటే నాకు తెలిసి ఇంతకన్నా పొట్టి ఉదాహరణ లేదు.

ఈ తేడాను బట్టే ఇంగ్లీషులో వాక్యం కట్టే తీరు ఏర్పడింది. కన్విన్స్ తర్వాత మనిషి, ఆ మనిషి తర్వాత ‘దట్’ లేదా ‘ఆఫ్’: “షి కన్విన్స్‌డ్ హిమ్ దట్ ది రిపోర్ట్ వాజ్ రాంగ్”, “షి కన్విన్స్‌డ్ హిమ్ ఆఫ్ హర్ ఆనెస్టీ”. పర్స్వేడ్ తర్వాత మనిషి, ఆ తర్వాత ‘టు’, ఆపైన చేయవలసిన పని: “షి పర్స్వేడెడ్ హిమ్ టు సైన్”. తెలుగు వాక్యంలోనే దీనికి ఆనవాలు ఉంటుంది కనుక మనవాళ్ళకు ఇది నిజానికి తేలిక. మీ తెలుగు వాక్యంలో ‘అని’ వస్తే కన్విన్స్ వైపు వెళ్ళండి: ‘రిపోర్టు తప్పు అని’. ‘-డానికి’ వస్తే పర్స్వేడ్ వైపు: ‘సంతకం పెట్టడానికి’. ‘నిజాయితీ మీద నమ్మకం’, ‘అవసరం పట్ల నమ్మకం’ అన్నట్టు నామవాచకం వస్తే కన్విన్స్, ‘ఆఫ్’. పదిలో తొమ్మిది వాక్యాలు ఈ జల్లెడలో నిలుస్తాయి.

పదోది నిలవదు, ఆ సంగతి దాచి లాభం లేదు. “ఐ కన్విన్స్‌డ్ హిమ్ టు గో” అని అమెరికన్లు 20వ శతాబ్దం మధ్య నుంచి ధారాళంగా రాస్తున్నారు. వాడుక పుస్తకాలు మొదట్లో దీని మీద కత్తిగట్టాయి. అసోసియేటెడ్ ప్రెస్ పత్రికా శైలి పుస్తకమైతే ‘దట్’, ‘ఆఫ్’ కన్విన్స్‌కి, ‘టు’ పర్స్వేడ్‌కి అని గిరిగీసింది. ఇప్పుడు నిఘంటువులు రెండింటినీ ఒప్పుకుంటున్నాయి. అటువైపు నుంచి చూసినా గోడ అంత గట్టిదేం కాదు. 1611 బైబిల్లో రోమీయులకు రాసిన పత్రిక 8వ అధ్యాయం చివర పౌలు ‘ఐ యామ్ పర్స్వేడెడ్’ అంటాడు, దాని తర్వాత ‘దట్’ వస్తుంది. తెలుగు బైబిల్లో ఆ చోట ఉన్నది “రూఢిగా నమ్ముచున్నాను”. అంటే పర్స్వేడ్ అక్కడ శుద్ధంగా నమ్మకం పనే చేస్తోంది. కాబట్టి ‘కన్విన్స్ హిమ్ టు’ రాసినవాణ్ని తప్పుపట్టకండి. పరీక్షలో, ఆఫీసు ఉత్తరంలో మీరు రాసేటప్పుడు మాత్రం పాత గీత పాటిస్తే ఎవరూ వేలెత్తి చూపరు, పైగా ఏం జరిగిందో చదివేవాళ్ళకు ఇంకా స్పష్టంగా తెలుస్తుంది.

ఇక తెలుగు వైపు వద్దాం. అసలు సరుకు ఇక్కడుంది.

‘నచ్చజెప్పు’ అనే మాటను విడదీసి చూడండి. నచ్చ, చెప్పు. నచ్చేటట్టు చెప్పడం. చెప్పడం మన పని, నచ్చడం అవతలివాడి పని. ఆ క్రియ ప్రయత్నం దగ్గరే ఆగిపోతుంది, ఫలితానికి పూచీపడదు. అందుకే “ఎంతో నచ్చజెప్పాం, వినలేదు” అనడంలో ఏ ఇబ్బందీ లేదు. పాత తెలుగులో నచ్చడానికి నమ్మడమనే అర్థం కూడా ఉంది. కన్నడంలో ‘నచ్చు’ అంటే ఇప్పటికీ నమ్మడమే. కాబట్టి నచ్చజెప్పడంలో ఇష్టమూ విశ్వాసమూ రెండూ కలిసే ఉన్నాయి.

‘ఒప్పించు’ ఫలితం దాకా వెళ్ళే క్రియ. ఎదుటివాడు ఒప్పుకుంటేనే ఒప్పించినట్టు. “ఒప్పించాను గానీ ఒప్పుకోలేదు” అనే వాక్యం తెలుగు కాదు. దీని వెనకున్న ‘ఒప్పు’ చూస్తే ఇంకా ముచ్చటేస్తుంది. ఒప్పు అంటే సరైనది, తప్పుకు ఎదురు. ఒప్పు అంటే అందం, తగి ఉండడం. ఒప్పులకుప్ప అంటాం, పద్యాల్లో ‘ఒప్పుచుండె’ అంటే శోభిస్తోందని. ఒప్పందం, ఒప్పుదల, ఒప్పగింత అన్నీ దాని బిడ్డలే. ఇంగ్లీషువాడి మాటలో ఒకడు గెలిచి ఒకడు ఓడాడు. మన మాటలో ఇద్దరికీ ఒకటే సంగతి ఒప్పుగా కనిపించింది.

రాయబారం ఘట్టంతో ఈ రెండు క్రియల్నీ పరీక్షించవచ్చు. కృష్ణుడు దుర్యోధనుడికి నచ్చజెప్పాడు. సగం రాజ్యం, అదీ కాదంటే ఐదూళ్ళు. ‘నచ్చజెప్పాడు’ నిజం, ‘ఒప్పించాడు’ అబద్ధం. దీన్ని ఇంగ్లీషులో పెట్టేటప్పుడు ‘కృష్ణ పర్స్వేడెడ్’ అని రాస్తే యుద్ధమే జరగలేదని అర్థం వస్తుంది! ‘ట్రైడ్ టు పర్స్వేడ్’ అనాలి, లేదా ‘రీజన్డ్ విత్’ అనాలి, లేదా ‘అర్జ్‌డ్’ అనాలి. ఈ మూడూ నచ్చజెప్పడం లాగే ప్రయత్నం దగ్గర ఆగే క్రియలు. ‘కన్విన్స్ చేస్తున్నాను’ అని మనం అనే మాటకు కూడా ఇదే చికిత్స. ఇంగ్లీషులో కన్విన్స్, పర్స్వేడ్ రెండూ గమ్యం చేరాక చెప్పే క్రియలు. దారిలో ఉన్నప్పుడు ‘ఐ యామ్ కన్విన్సింగ్ హిమ్’ అనరు, ‘ట్రైయింగ్ టు కన్విన్స్’ అంటారు.

మూడోది ‘నమ్మించు’. నిఘంటువు ప్రకారం కన్విన్స్‌కి ఇదే సరిజోడీ కావాలి. కాలేదు. ఎందుకంటే తెలుగులో నమ్మించడానికి మోసం వాసన పట్టుకుంది. ‘నమ్మించి గొంతు కోశాడు’ అనే నానుడి ఊరికే పుట్టలేదు. ‘నమ్మబలికాడు’ అంటే ఇక అనుమానమే అక్కర్లేదు, అబద్ధమే. “డాక్టరుగారు మా నాన్నను ఆపరేషన్ అవసరమని నమ్మించారు” అని చెప్పి చూడండి. వినేవాడు వెంటనే “అయితే అవసరం లేదా?” అని అడుగుతాడు. పాపం ఆ డాక్టరు స్కానింగు రిపోర్టులు పరిచి, గంట సేపు ఓపిగ్గా వివరించి ఉంటాడు. ఆ పనికి తెలుగులో మచ్చలేని ఒక్క క్రియ లేదు. ‘నమ్మకం కలిగించారు’ అనాలి, రెండు మాటలు. ‘ఒప్పించారు’ అంటే ఆపరేషన్ దాకా వెళ్ళిపోతాం.

నా ఉద్దేశంలో కన్విన్స్ మన భాషలోకి చొరబడింది సరిగ్గా ఈ సందులోంచే. రుజువులు చూపి, మోసం లేకుండా, ఎదుటివాడి బుద్ధి మారేటట్టు చేయడం అనే పనికి. ఆ పని చేస్తున్నంతసేపూ దాన్ని తెలుగు మాటగానే చూడవచ్చు. “డాక్టరుగారు కన్విన్స్ చేశారు” అనడంలో నాకు తప్పు కనబడదు. సినిమా సమీక్షల్లో “క్లైమాక్స్ కన్విన్సింగ్‌గా లేదు” అన్నదీ అంతే. ‘నమ్మశక్యంగా లేదు’ అంటే జరగడం అసాధ్యమని చెప్పినట్టవుతుంది, సమీక్షకుడు అంటున్నది అది కాదు.

మరి ఆ సందు దాటి వచ్చాక? ఎన్నికల వేళ టికెట్లు దక్కనివాళ్ళు అలుగుతారు. పత్రికలు ‘బుజ్జగింపుల పర్వం’ అని చక్కగా రాస్తాయి. టీవీ మైకు ముందు అదే సంగతి ‘రెబల్స్‌ని కన్విన్స్ చేస్తున్నారు’ అయిపోతుంది. అక్కడ ఎవరి అభిప్రాయమూ మారడం లేదు, మారాలని ఎవరూ కోరుకోవడమూ లేదు. టికెట్ నాకే రావాలని అతను నిన్నా నమ్మాడు, రేపూ నమ్ముతాడు. జరిగేది బుజ్జగింపు, లేదా బేరం. పెళ్ళిలో అలకపాన్పు ఎక్కిన అల్లుణ్ని మామగారు కన్విన్స్ చేశారని అంటామా? ఉంగరమో, బండో ఇచ్చి దింపారంటాం. సామ దాన భేద దండోపాయాలు నాలుగని పెద్దలు లెక్కపెట్టి చెబితే, నాలుగింటికీ కలిపి ఒకే ముసుగు కప్పుతోంది ఈ కన్విన్స్. బెదిరించి సంతకం పెట్టించుకున్నవాడూ ‘కన్విన్స్ చేశాం’ అనే అంటాడు. 1872 నాటి ఒప్పందాల చట్టం బలవంతాన్ని 15వ సెక్షన్లోనూ, పలుకుబడి ఉపయోగించి లొంగదీసుకోవడాన్ని 16వ సెక్షన్లోనూ విడివిడిగా నిర్వచించి, అలా వచ్చిన సమ్మతి స్వేచ్ఛగా ఇచ్చింది కాదని చెప్పింది. చట్టం చూపిన తేడాను మాట్లాడేటప్పుడు మనం చెరిపేస్తున్నాం.

ఏడుస్తున్న పిల్లాణ్ని కన్విన్స్ చేయడం మరీ విడ్డూరం. సముదాయించడం, ఊరడించడం, లాలించడం, బుజ్జగించడం, ఏమార్చడం ఇన్ని ఉండగా! తెలంగాణలో పెద్దవాళ్ళ నోట ‘సంజాయించు’ వినిపిస్తుంది, ఉర్దూ ‘సమ్‌ఝానా’ నుంచి వచ్చింది. ఆఫీసుల్లో ఉద్యోగిని అడిగే ‘సంజాయిషీ’ కూడా ఆ వంశమే. అర్థమయ్యేటట్టు చెప్పడమనే మాట కాలక్రమంలో చేసిన తప్పుకు జవాబు చెప్పుకోవడంగా మారిపోయింది. మాటలకు అలాంటి రాతలు ఉంటాయి.

తెలుగులో ఆలోచించి ఇంగ్లీషు రాస్తే ఎక్కడెక్కడ కాలు జారుతుందో ఇప్పుడు చూద్దాం. ‘కన్విన్స్ టు హిమ్’ అనేది మనవాళ్ళ ఇంగ్లీషులో తరచు కనిపించే తప్పు. ఎక్కణ్ణుంచి వచ్చిందంటే నచ్చజెప్పడం నుంచే. ‘ఆయనకి నచ్చజెప్పాను’లో ఉన్న ‘కి’ ఇంగ్లీషులో ‘టు’గా మారింది. ‘ఆయన్ని ఒప్పించాను’ అని అనుకుని రాసినవాడికి ఈ తప్పు రాదు, ‘ని’కి ఇంగ్లీషులో ఏ విభక్తీ అక్కర్లేదు గనక. కాబట్టి రాసేముందు మనసులో నచ్చజెప్పడం బదులు ఒప్పించడం పెట్టుకోండి, ‘టు’ దానంతటదే రాలిపోతుంది. ‘కన్విన్స్ విత్ హిమ్’ అన్నది ‘ఆయనతో మాట్లాడి’ అనే ఆలోచన నీడ. ‘పెళ్ళికి ఒప్పించాను’లోని ‘కి’ ఇంకో చోట ‘ఫర్’ అయి ‘కన్విన్స్‌డ్ హర్ ఫర్ మ్యారేజ్’ అవుతుంది. దానికి ‘పర్స్వేడెడ్ హర్ టు మ్యారీ’ అని క్రియ రాయాలి.

రెండో జారుడు ఇంకా లోతైనది. ఇంగ్లీషు క్రియను తెలుగులోకి తెచ్చుకునేటప్పుడు మనం దానికి ‘చెయ్యి’, ‘అవ్వు’ అతికిస్తాం. కన్విన్స్ చేశాను, కన్విన్స్ అయ్యాను. ‘కన్విన్స్ అవ్వలేదు’ మనకు మామూలు వాక్యం. తిరిగి ఇంగ్లీషులోకి వెళ్ళేటప్పుడు ‘అవ్వు’ను పట్టుకెళ్ళడం మరిచిపోతాం, అప్పుడు ‘హి డిడ్ నాట్ కన్విన్స్’ పుడుతుంది. దానర్థం అతను ఎవర్నో కన్విన్స్ చేయలేకపోయాడని! ఎవరు నమ్మలేదో, ఎవరు నమ్మించలేకపోయారో తారుమారైంది. ‘హి వాజ్ నాట్ కన్విన్స్‌డ్’ అనాలి. ‘ఐ యామ్ నాట్ కన్విన్సింగ్’ అంటే ఇంకా ఘోరం, నా మాటలు నమ్మేటట్టు లేవని మీ మీద మీరే తీర్పు చెప్పుకున్నట్టు. ‘గెటింగ్ కన్విన్స్‌డ్’ వ్యాకరణానికి తప్పు కాకపోయినా ఇంగ్లీషు చెవికి వింతగా ఉంటుంది.

ఉద్యోగ దరఖాస్తుల్లో ‘గుడ్ కన్విన్సింగ్ పవర్’ అని రాసేవాళ్ళు ఎందరో. ఇందులో చిక్కేమిటంటే, కన్విన్స్ చేసే పనికి ఇంగ్లీషులో నేరుగా నామవాచకం లేదు. కన్విక్షన్ ఆ పని ఎప్పుడో వదిలేసి, నమ్మకానికీ నేరనిర్ధారణకూ వెళ్ళిపోయింది. అందుకే నామవాచకం కావలసినప్పుడల్లా ఇంగ్లీషువాళ్ళు పక్కింటి నుంచి పర్స్వేజన్ తెచ్చుకుంటారు: ‘పవర్స్ ఆఫ్ పర్స్వేజన్’, ‘పర్స్వేసివ్ స్కిల్స్’. అదే దరఖాస్తులో ‘ఐ యామ్ పర్స్వేడింగ్ బీటెక్’ కూడా కనిపిస్తుంటుంది. రాయాల్సింది ‘పర్స్యూయింగ్’. చదువును వెంబడించాలి గానీ దాన్ని బతిమాలుకుంటే పట్టా రాదు.

ఉచ్చారణ గురించి నాలుగు మాటలు. పర్స్వేడ్‌లో అక్షరాలు రెండే, ‘పర్’, ‘స్వేడ్’. మనం స్పెల్లింగును చూసి ‘పెర్సుయేడ్’ అని మూడు చేస్తాం. హోటల్ గది ‘స్వీట్’లో ‘ఎస్‌యూ’ ఎలా పలుకుతుందో ఇక్కడా అంతే. కన్విన్స్‌లో ఒత్తు రెండో భాగం మీద, ‘విన్స్’ మీద. కన్విక్ట్ మాత్రం నామవాచకమైతే ఒత్తు మొదట, క్రియ అయితే చివర.

కోర్టు భాషలో పర్స్వేసివ్ అనే మాటకు ఖచ్చితమైన చోటుంది, అది తెలుగు వార్తల్లో తప్పుగా పడుతుంటుంది. 2019 జనవరి 1 నుంచి ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు వేరు వేరు హైకోర్టులు. ఆ తర్వాత ఒక హైకోర్టు ఇచ్చిన తీర్పుకు రెండోది కట్టుబడి ఉండనక్కర్లేదు. సుప్రీంకోర్టు చెప్పిన న్యాయసూత్రానికైతే రాజ్యాంగం 141వ అధికరణం కింద ఇద్దరూ కట్టుబడాల్సిందే. అయినా అమరావతిలో వాదించే వకీలు హైదరాబాద్ తీర్పు చూపిస్తాడు, దానికి ‘పర్స్వేసివ్ వాల్యూ’ ఉందంటాడు. దీన్ని ‘ఒప్పించే విలువ’ అని రాస్తే తప్పు. ఆ తీర్పు ఎవర్నీ ఒప్పించలేదు ఇంకా. అది నచ్చజెబుతోంది, అంతే. నచ్చితే జడ్జిగారు తీసుకుంటారు, నచ్చకపోతే పక్కన పెడతారు. ‘పరిశీలించదగ్గదే గానీ కట్టుబడాల్సింది కాదు’ అని విప్పి రాయడం మేలు.

ఇక డబ్బుతో ముడిపడ్డ చోటు. ఇంటర్ అడ్మిషన్ల కాలంలో ప్రైవేటు కాలేజీల పీఆర్వోలు ఊళ్ళమీద పడతారు. సాయంత్రం పైవాడు అడిగేది ఒక్కటే: “ఎంతమంది పేరెంట్స్‌ని కన్విన్స్ చేశావ్?” ఈ ప్రశ్నకు వచ్చే అంకె ఎందుకు పనికిరాదో ఇంతదాకా చదివినవారికి చెప్పనక్కర్లేదు. ఆ అంకెలో కాలేజీ మంచిదని నమ్మినవాళ్ళున్నారు, కానీ ఫీజు చూసి జంకి కట్టరు. ఫీజులో తగ్గింపు ఇస్తామంటే అడ్వాన్సు కట్టినవాళ్ళున్నారు, కానీ కాలేజీ మీద నమ్మకం లేదు. ఇంకొకడు ఇంకాస్త తగ్గిస్తే అటు వెళతారు. గడపలో కూర్చున్న మనిషిని పంపించేయడానికి “సరేలెండి, చూద్దాం” అన్నవాళ్ళున్నారు. మొదటివాళ్ళకు కావలసింది వాయిదాల పద్ధతి, అంటే పర్స్వేజన్. రెండోవాళ్ళకు కావలసింది పాత ఫలితాలు, అక్కడ చదివిన పక్కూరి పిల్లాడితో మాట, అంటే కన్విక్షన్. మూడోవాళ్ళ ఇంటికి మళ్ళీ వెళ్ళడం దండగ. ఒకే మాటతో మూడు జాబితాలు కలిపేసినవాడు మొదటివాళ్ళకు రిజల్ట్స్ చూపిస్తాడు, రెండోవాళ్ళకు ఇంకో డిస్కౌంట్ ఇస్తాడు, మూడోవాళ్ళ ఇంటికి నాలుగుసార్లు తిరుగుతాడు. అమ్మకాల పనిలో ఉన్న ఎవరికైనా ఈ లెక్క వర్తిస్తుంది, ఇన్సూరెన్స్ అయినా, ఫ్లాట్ అయినా.

చివరగా ఒక వ్యాకరణ విశేషం. ‘కన్విన్స్ చెయ్యి’కి తెలుగులో మచ్చలేని ఒక్క మాట దొరకలేదు గానీ, ‘కన్విన్స్ అవ్వు’కు కావలసినన్ని ఉన్నాయి. నమ్మకం కుదిరింది. గురి కుదిరింది, ఇది డాక్టరు మీద, గురువు మీద. మనసు ఒప్పింది. బుర్రకెక్కింది. అన్నీ వాటంతటవే జరిగే క్రియలు, మనిషి ‘నాకు’ అని పక్కన నిలబడతాడు. నాకు నమ్మకం కుదిరింది, నాకు గురి కుదిరింది. ‘కుదరడం’ అంటే కుండ పొయ్యి మీద కుదురుకున్నట్టు కదలకుండా నిలవడం. దాన్ని ఇంకొకరు నాలో పెట్టారని చెప్పే వాక్యం తెలుగులో సహజంగా రాదు, వస్తే ‘నమ్మించారు’ అయి అనుమానం పుడుతుంది. “ఒప్పుకున్నాను గానీ మనసొప్పలేదు” అని తెలుగులో ఎవరైనా అంటారు, ఎవరికైనా అర్థమవుతుంది. ఇందులో ఒప్పు రెండుసార్లు వచ్చింది, మొదటిది నోటిది, రెండోది మనసుది. ఇంగ్లీషులో దీన్ని చెప్పడానికి రెండు క్రియలూ కావాలి: “ఐ వాజ్ పర్స్వేడెడ్, బట్ నాట్ కన్విన్స్‌డ్”.